డాక్టర్లు విదేశాల్లో ఉద్యోగానికి వెళ్లే ముందు ఏమేం సర్దుకోవాలి?

విదేశంలో ఉద్యోగం అనగానే జీతం ఎంత, వీసా ఎప్పుడొస్తుంది అన్న ప్రశ్నలే ముందు వస్తాయి. డాక్టర్ల ప్రయాణాలు ఎక్కువగా ఆగిపోయేది మాత్రం కాగితాల దగ్గర. ఒక కాగితం చేతికొచ్చేలోగా ముందు తెచ్చుకున్న కాగితానికి గడువు తీరిపోతుంది. అందుకే ఉద్యోగంలో చేరాల్సిన తేదీ నుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటూ రండి. కనీసం ఏడాది చేతిలో ఉంటే టెన్షన్ సగం తగ్గుతుంది.

1. ముందు పేరు సరిచూసుకోండి

పాస్‌పోర్టు, డిగ్రీ, ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్, మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నాలుగూ టేబుల్ మీద పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం చదవండి. డిగ్రీలో ఇంటిపేరు ఒక్క అక్షరమే ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది. పెళ్లయ్యాక పేరు మార్చుకున్నవాళ్లకు రిజిస్ట్రేషన్‌లో ఒక పేరు, పాస్‌పోర్టులో ఇంకో పేరు. మనకిది చిన్న విషయమే, కాగితాలు పరిశీలించేవాళ్లకు మాత్రం ఇద్దరు వేర్వేరు మనుషులు. పరీక్షలకు దరఖాస్తు చేయకముందే దీన్ని సరిచేయించుకోండి. లేదంటే తర్వాత ప్రతిచోటా అఫిడవిట్ జతచేస్తూ తిరగాల్సి వస్తుంది.

2. లైసెన్స్ దారి తెలుసుకోండి

ఏ దేశం దారి దానిది. బ్రిటన్‌లో జనరల్ మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ కావాలి. దానికి చాలామంది రాసేది రెండు భాగాల ప్లాబ్ పరీక్ష. అమెరికాకు యూఎస్‌ఎంఎల్‌ఈ అనే లైసెన్స్ పరీక్ష, విదేశాల్లో చదివిన డాక్టర్ల అర్హతలు పరిశీలించి ఇచ్చే ఈసీఎఫ్‌ఎంజీ సర్టిఫికేషన్, ఆపైన రెసిడెన్సీ, అంటే ఆస్పత్రిలో పనిచేస్తూ పొందే శిక్షణ. సొంత దేశంలో ఎన్నేళ్ల అనుభవం ఉన్నా అక్కడి చాలా రాష్ట్రాల్లో రెసిడెన్సీ మళ్లీ చేయక తప్పదు. శిక్షణ కోసం ఇచ్చే జే-1 వీసా మీద వెళ్లే డాక్టర్లు, శిక్షణ పూర్తయ్యాక మినహాయింపు దొరికితే తప్ప, రెండేళ్లు స్వదేశంలో ఉండాలన్న షరతు కూడా ఉంది. ఇది విమానం ఎక్కాక తెలుసుకోవాల్సిన సంగతి కాదు.

ఇంగ్లిష్ పరీక్షలో బ్రిటన్ జనరల్ మెడికల్ కౌన్సిల్‌కు ఐఈఎల్‌టీఎస్ అకడమిక్ మొత్తం మీద 7.5 రావాలి, ఏ విభాగంలోనూ 7కు తగ్గకూడదు. వైద్యరంగంలో పనిచేసేవాళ్ల కోసం పెట్టే ఇంగ్లిష్ పరీక్ష ఓఈటీ రాస్తే నాలుగు విభాగాల్లోనూ బి గ్రేడు రావాలి.

అసలు ఆలస్యం ప్రైమరీ సోర్స్ వెరిఫికేషన్ దగ్గర జరుగుతుంది. మీరిచ్చిన డిగ్రీ నిజమైనదేనా అని మీరు చదివిన కాలేజీనే నేరుగా అడుగుతారు. ఆ ఈమెయిల్ కాలేజీ ఆఫీసులో ఎవరూ తెరవని ఇన్‌బాక్స్‌లో పడి ఉంటుంది. కాబట్టి దరఖాస్తు పెట్టిన వారమే కాలేజీకి ఫోన్ చేసి, జవాబిచ్చే ఉద్యోగి ఎవరో కనుక్కోండి.

గుడ్ స్టాండింగ్ సర్టిఫికెట్‌కు మాత్రం తొందరపడకండి. మీమీద క్రమశిక్షణ చర్యలేవీ లేవని మీ కౌన్సిల్ ఇచ్చే ఈ కాగితం ఎక్కువ కాలం చెల్లదు. బ్రిటన్‌లో మూడు నెలలే. మిగతావన్నీ సిద్ధమయ్యాకే తెప్పించుకోండి.

3. మొదటి మూడు నెలల డబ్బు

పరీక్ష ఫీజులు, వెరిఫికేషన్, వీసా, టికెట్లు, ఇంటి అడ్వాన్సు... ఇవన్నీ మొదటి జీతం రాకముందే చేతి నుంచి పోతాయి. ఆ జీతం కూడా నెల చివర్లోనే వస్తుంది. పైగా పన్ను నంబరు రాకపోతే మొదట్లో ఎక్కువ పన్ను కోసేయవచ్చు. అందుకే మూడు నెలల ఖర్చు, దానిపైన తిరుగు టికెట్ డబ్బు విడిగా ఉంచుకోండి. ఆస్పత్రి రీలొకేషన్ ఖర్చు ఇస్తామంటే, ముందే ఇస్తారా, బిల్లులు చూపించాక ఇస్తారా, మధ్యలో మానేస్తే తిరిగి కట్టాలా అని అడగండి. సిగ్గుపడాల్సిన పనేం లేదు.

డబ్బు పంపేటప్పుడు ‘ఫీజు లేదు’ అన్న మాట నమ్మి ఆగిపోకండి. లాభం మారకపు రేటులోనే దాగి ఉంటుంది. 5,000 డాలర్లు పంపితే, రేటు 3 శాతం తక్కువగా ఉంటే 150 డాలర్లు పోయినట్టే. ఆ రోజు మార్కెట్ రేటు పక్కన పెట్టి, చివరికి అవతల ఎంత అందుతుందో పోల్చుకోండి.

4. ఒప్పందంలో ఇండెమ్నిటీ ఎవరిది?

బేసిక్ జీతం, ఆన్‌కాల్ చెల్లింపు, నోటీసు గడువు అందరూ చూస్తారు. వదిలేసేది ఇండెమ్నిటీ, అంటే చికిత్సలో పొరపాటు జరిగిందని పేషెంట్ కేసు వేస్తే ఆదుకునే వృత్తిపరమైన బీమా. ఇందులో రెండు రకాలున్నాయి. ఒకటి, చికిత్స జరిగిన రోజున పాలసీ ఉంటే చాలు, కేసు ఎన్నేళ్లకు వచ్చినా కవర్ అవుతుంది. రెండోది, కేసు వేసిన రోజున కూడా పాలసీ నడుస్తూ ఉండాలి. ఈ రెండో రకం పాలసీ ఉన్న డాక్టరు ఈ ఏడాది ఆపరేషన్ చేసి వెళ్లిపోయారనుకోండి. మూడేళ్లకు పేషెంట్ కేసు వేస్తే, పాలసీ ఎప్పుడో ఆపేశారు కాబట్టి భారం ఆ డాక్టరు మీదే. దేశం వదిలే ముందు ఇప్పుడున్న పాలసీ ఏ రకమో చూసుకుని, రెండోదైతే, పాలసీ ఆపేశాక వచ్చే పాత కేసులకు కూడా వర్తించే ‘టెయిల్ కవర్’ తీసుకోండి.

కొత్త ఆస్పత్రి కవర్‌లో నష్టపరిహారం కేసులు మాత్రమే ఉండి, కౌన్సిల్ విచారణకు లాయర్ ఖర్చు లేకపోవచ్చు. దానికి డాక్టర్ల తరఫున వాదించే సంస్థలో విడిగా సభ్యత్వం తీసుకోవడం మంచిదని నా అభిప్రాయం.

5. వెనక వదిలి వెళ్లేవి

చాలా దేశాలు పన్ను విషయంలో ఏడాదిలో 183 రోజులు అక్కడ ఉన్నారా లేదా అన్న లెక్క చూస్తాయి. కాబట్టి ఏ నెలలో వెళ్తున్నారన్నది కూడా ముఖ్యమే. రెండు దేశాల మధ్య ద్వంద్వ పన్ను ఒప్పందం ఉందో లేదో ఒక్కసారి అకౌంటెంట్‌ను అడగండి. లోన్లు, ఆస్తి పనులు ఉంటే నమ్మకమైనవారికి పవర్ ఆఫ్ అటార్నీ ఇవ్వండి, అదీ ఏయే పనులకో స్పష్టంగా రాసి.

టీకాల విషయంలో ‘వేయించుకున్నాను’ అంటే ఒప్పుకోరు. హెపటైటిస్ బి యాంటీబాడీల అంకె ఉన్న ల్యాబ్ రిపోర్టు, టీబీ పరీక్ష ఫలితం దగ్గర ఉంచుకోండి. మీరు చేసిన కేసులు, ఆపరేషన్లు రాసుకునే లాగ్‌బుక్‌లో పేషెంట్ల వివరాలు కనిపించకుండా చేసి, సీనియర్ల సంతకాలు ఇప్పుడే చేయించండి. వాళ్లు రిటైరయ్యాక వెతకడం కష్టం.

ఒరిజినల్ కాగితాలు చేతి సంచిలోనే పెట్టుకోండి. పాత సిమ్‌ను రద్దు చేయకండి. బ్యాంకు ఓటీపీలు దానికే వస్తాయి, అది పోతే మీ డబ్బు మీకే అందదు.