లండన్ జ్వరం, డాలస్ చలి: ఫోన్లో విన్న కొలతల్ని మన లెక్కలోకి మార్చుకోవడం ఎలా?

"అమ్మా, పాపకు రాత్రి నుంచి 39 ఉంది" అని లండన్ నుంచి కూతురు ఫోన్ చేస్తే, తిరుపతిలో మా అక్క "39 ఏంటే, థర్మామీటర్ సరిగ్గా పెట్టావా లేదా?" అని ఒకటే టెన్షన్. అక్కడ జ్వరాన్ని సెల్సియస్‌లో చూస్తారు, మా అక్క ఇంట్లో ఉన్నది ఫారెన్‌హీట్ థర్మామీటర్. ఆ రోజు అక్కకు కాగితం మీద వేసి చూపించిన లెక్కే ఇక్కడ రాస్తున్నా. పట్టికలు బట్టీ పట్టక్కర్లేదు. రెట్టింపు, సగం, పదో వంతు, ఈ మూడూ వస్తే చాలు.

ముందు జ్వరం. 39ని రెట్టింపు చేస్తే 78, అందులో పదో వంతు 7.8 తీసేస్తే 70.2, దానికి 32 కలిపితే 102.2. ఇది ఉజ్జాయింపు కాదు, కచ్చితమైన లెక్కే. ఇలాగే 38 అంటే 100.4, 37 అంటే మనకు తెలిసిన 98.6.

అమెరికాలో ఎండా చలీ ఫారెన్‌హీట్‌లో చెబుతారు, కాబట్టి అక్కడి వాతావరణానికి దీన్ని తిరగేయాలి. డాలస్‌లో ఉన్న తమ్ముడు "ఈ రోజు 40, చలికి బయటికి పోలేకున్నా" అంటే ఆశ్చర్యపోకండి, మన మే నెల 40 కాదు అది. 40లో 32 తీస్తే 8, సగం 4, దానికి పదో వంతు కలిపితే 4.4 డిగ్రీల సెల్సియస్.

తర్వాత దూరం. అమెరికాలోనే కాదు, బ్రిటన్‌లోనూ రోడ్డు బోర్డులు మైళ్లలోనే ఉంటాయి, పెట్రోలు మాత్రం అక్కడ లీటర్లలో పోస్తారు. మైళ్లకు దానిలో సగం, మళ్లీ పదో వంతు కలపండి. ఆఫీసు 45 మైళ్లంటే 45, 22.5, 4.5 కలిపి 72 కిలోమీటర్లు, అంటే రోజూ తిరుపతి నుంచి చిత్తూరుకు పోయినంత.

బరువుకు వచ్చేసరికి, బిడ్డ 7 పౌండ్లు పుట్టిందంటే సగం 3.5, అందులో పదో వంతు తీస్తే దాదాపు 3.15 కిలోలు. కిలోల నుంచి పౌండ్లకైతే రెట్టింపు చేసి పదో వంతు కలపాలి: 23 కిలోల సూట్‌కేసు దాదాపు 50.6 పౌండ్లు. మీ టికెట్ మీద 50 పౌండ్లని రాసి ఉంటే మాత్రం ఊరగాయ డబ్బాలన్నీ సర్దాక ఇంట్లోనే ఒకసారి తూచుకోండి, 22.5 కిలోల దగ్గర ఆపేయండి. చెన్నై ఎయిర్‌పోర్టులో లైన్లో నిలబడి, అందరి ముందు సూట్‌కేసు విప్పి ఆవకాయ బయటికి తీయడం ఎంత బాధో నేను చూశాను.

మన దేశంలో మెట్రిక్ చట్టం 1956లోనే వచ్చింది. అయినా మనం ఎండను సెల్సియస్‌లో, జ్వరాన్ని ఫారెన్‌హీట్‌లో, గుడ్డను మీటర్లలో, మనిషి ఎత్తును అడుగుల్లో చెప్పుకుంటూనే ఉన్నాం. ఇంటి స్థలమైతే అంకణాలు. అంకణం అన్ని చోట్లా ఒకటి కాదు, 36 చదరపు అడుగులనేవాళ్లూ ఉన్నారు, 72 అనేవాళ్లూ ఉన్నారు. అడ్వాన్స్ ఇచ్చే ముందు చదరపు అడుగుల్లో రాయించుకోండి.

పిల్లల మందు దగ్గర మాత్రం ఈ నోటి లెక్కలేవీ వద్దు. సీసా మీద టీస్పూన్ అని ఉంటే 5 మిల్లీలీటర్లు, వంటింటి చెంచాతో పోయకండి, మందుతో పాటు వచ్చిన గీతల మూతతోనో సిరంజితోనో కొలిచి పట్టండి.