పాత ట్రాక్టర్ సొంత రిపేరు – 4వ పాఠం: ఇంజన్ బోరు పని అయ్యాక బండి మొరాయిస్తే

పోయిన పాఠంలో లైనర్లు, పిస్టన్లు, రింగులు మార్చి హెడ్ బిగించడం దాకా వచ్చాం. ఇప్పుడు ఆ తర్వాత వచ్చే తలనొప్పి. అంత ఖర్చు పెట్టి బండిని ఇంటికి తెచ్చుకుంటాం, తెల్లారి సెల్ఫ్ కొడితే తిరగడమే తప్ప అంటుకోదు. ఐదారుసార్లు కొట్టేసరికి బ్యాటరీ నీరసపడుతుంది, ఇక రోజూ రాత్రి బండిని ఏదో ఒక వాలులో పెట్టి పొద్దున్నే దొర్లించుకునే బతుకు. నేనూ ఒక సీజనంతా అలాగే నెట్టుకొచ్చాను.

నా బండి మాసీ ఫెర్గూసన్ 1035, మూడు సిలిండర్ల సింప్సన్ ఇంజన్. మీది వేరే డీజిల్ బండైనా వెతికే దారి ఇదే.

స్పానర్ పట్టుకునే ముందు పొగ చూడండి. గేరు న్యూట్రల్‌లో ఉందో లేదో చూసుకుని, ఇంకొకరిని సెల్ఫ్ కొట్టమని మీరు సైలెన్సర్ వైపు నిలబడండి. పది సెకన్లు తిప్పినా పొగ చుక్క లేదంటే సిలిండర్లోకి డీజిల్ వెళ్లడం లేదు. కళ్లు మండేలా పచ్చి డీజిల్ వాసనతో తెల్లపొగ వస్తుంటే డీజిల్ వెళ్తోంది కానీ అంటుకోవడం లేదు. ఈ రెండింటినీ కలిపేసుకునే చాలామంది బాగున్న డీజిల్ పంపును విప్పి పాడుచేసుకుంటారు.

పొగ లేకపోతే మొదట స్టాప్ కేబుల్ (ఇంజన్ ఆపడానికి లాగే తీగ) చూడండి. బిగించేటప్పుడు పొట్టిగా పట్టేస్తే పంపు మీది లీవర్ పూర్తిగా వెనక్కి రాదు, మీరు ఎంత సెల్ఫ్ కొట్టినా లాభం ఉండదు. అది బాగుంటే ఎయిర్, అంటే డీజిల్ పైపుల్లో చేరిన గాలి, తీయాలి: ఫిల్టర్ దగ్గర, తర్వాత పంపు స్క్రూల దగ్గర, చివరికి సిలిండర్లోకి డీజిల్ చిమ్మే నాజిళ్ల పైపుల నట్లు ఒక చుట్టు వదిలి సెల్ఫ్ కొట్టాలి. ఆ చిమ్మే డీజిల్‌కి చెయ్యి అడ్డం పెట్టొద్దు, చర్మంలోకి దూరిపోతుంది. ఇవాళ ఎయిర్ తీస్తే అంటుకుని రేపు పొద్దున మళ్లీ మొరాయిస్తోందంటే రాత్రంతా ఎక్కడో గాలి లాగుతోందన్నమాట. నేనైతే ముందు పాతవే మళ్లీ వేసిన రాగి వాషర్లను అనుమానిస్తాను.

ఇక తెల్లపొగ. డీజిల్ ఇంజన్‌లో ప్లగ్గు ఉండదు, గాలిని గట్టిగా నొక్కడం వల్ల పుట్టే వేడే నిప్పు. సెల్ఫ్ నిదానంగా తిరిగితే ఆ గాలి రింగుల పక్క నుంచి జారిపోతుంది, ఉన్న వేడిని చల్లటి లైనర్ లాగేస్తుంది. అందుకే రింగుల్ని తిట్టే ముందు సెల్ఫ్ వేగం చూడాలి. మీటరు పెడితే 12 వోల్టుల బ్యాటరీ నిండుగా ఉంటే 12.6 దగ్గర చూపిస్తుంది. సెల్ఫ్ కొడుతున్నప్పుడు అది 9.6 కంటే కిందికి పడుతుంటే ముందు బ్యాటరీ సంగతి తేల్చండి.

నా బండికి బ్యాటరీ బాగుంది, అయినా సెల్ఫ్ గుర్ర్... గుర్ర్... అని ఈడ్చేది. "కొత్త ఇంజన్ కదా, బిగుతుగా ఉంటుందిలే" అన్నాడు మెకానిక్. సగం నిజమే, కానీ నాలుగు రోజులు దుక్కి చేశాక కూడా అదే మాటంటే ఎలా? ఓ పొద్దున మీటరు ఒక వైరు బ్యాటరీ మైనస్ మీద, రెండోది ఇంజన్ బ్లాక్ మీద గీకిన చోట పెట్టి సెల్ఫ్ కొట్టించాను. అర వోల్టు లోపే ఉండాల్సింది దాదాపు రెండు చూపించింది. బ్యాటరీ మైనస్ నుంచి ఇంజన్‌కి వచ్చే ఎర్త్ వైరు బోల్టు విప్పితే కింద నిగనిగలాడే కొత్త పెయింటు! ఇంజన్‌కి ముచ్చటగా రంగేసి, ఆ రంగు మీదే వైరు బిగించారు. పాత హాక్సా బ్లేడుతో ఇనుము తెల్లగా మెరిసేదాకా గీకి బిగించాను. సెల్ఫ్ శబ్దమే మారిపోయింది, రెండో చుట్టుకే అంటుకుంది. రూపాయి ఖర్చు లేదు, సిగ్గు మాత్రం చాలా అయింది.

ఎర్త్ బాగుండి, సెల్ఫ్ చురుగ్గా తిరుగుతున్నా తెల్లపొగేనా? అప్పుడు ట్యాపెట్లు, అంటే గాలి, పొగ దారులు మూసే వాల్వులకీ వాటిని నొక్కే చేతులకీ మధ్య గ్యాప్ చూడాలి. హెడ్ రెండోసారి బిగించాక గ్యాప్ మళ్లీ చూడకపోతే వాల్వు పూర్తిగా మూసుకోక కంప్రెషన్ (గాలి నొక్కుడు) పోతుంది. మీ బండి మాన్యువల్లో ఉన్న గ్యాపే పెట్టండి, పక్కింటి బండి లెక్క పెట్టొద్దు.

ఎయిర్ క్లీనర్ దగ్గర పెట్రోలు గుడ్డ పెట్టే అలవాటు మాత్రం మానేయండి. పిస్టన్ ఇంకా పైకి వస్తుండగానే అంటుకుని ఎదురు తంతుంది, మొన్న వేసిన రింగులు విరగొచ్చు.

ఇవన్నీ చూసినా లొంగకపోతే మిగిలే పెద్ద అనుమానం పంపు టైమింగ్ (డీజిల్ ఏ క్షణంలో చిమ్మాలన్న లెక్క), అది వచ్చే పాఠం. అప్పటిదాకా పంపు బోల్టులు వదులు చేయకండి. పంపు అంచు మీద, దాని ఎదురుగా ఇంజన్ మీద ఉండే గీతల్ని డీజిల్ గుడ్డతో తుడిచి, రెండూ కనబడేలా ఫొటో తీసి పెట్టుకోండి.