కారు మీద గీతలు, చిన్న సొట్టలు: ఏది ఇంట్లో పోతుంది, ఏది పోదు

కారు మీద గీత కనబడగానే చేతికి దొరికిన గుడ్డ తీసుకుని గట్టిగా రుద్దేయడం చాలామందికి అలవాటు. తీరా చూస్తే అసలు గీత కంటే ఆ రుద్దుడు మిగిల్చిన మసక మచ్చే పెద్దదిగా కనిపిస్తుంది. కంపెనీ నుంచి వచ్చిన పెయింట్ మందం సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో పదో వంతు కంటే కాస్త ఎక్కువ. అందులోనే తుప్పు ఆపే పూత, రంగు బాగా పట్టడానికి దాని కింద వేసే ప్రైమర్, రంగు, వాటన్నిటి మీద మెరుపునిచ్చే క్లియర్ కోట్ ఉంటాయి. క్లియర్ కోట్ వాటా 40 నుంచి 50 మైక్రాన్లు. ఎండకీ వానకీ అడ్డు నిలబడేది అదే. పాలిష్ అంటే దాన్ని కొంచెం అరగదీసి గీత అంచుల్ని చదును చేయడం. అరిగింది మళ్లీ రాదు. అందుకే రుద్దే ముందు దెబ్బ ఎంత లోతుందో తేల్చుకోవాలి.

ముందు లోతు చూడండి

గీత ఉన్నచోట షాంపూ నీళ్లతో కడిగి నీడలో ఆరనివ్వండి. తర్వాత వేలితో కాస్త నీళ్లు తీసుకుని గీత మీద రాయండి. తెల్లగా కనబడుతున్న గీత తడి తగలగానే మాయమై, నీళ్లు ఆరుతుంటే ఒక చివర నుంచి మెల్లగా మళ్లీ తేలుతూ వస్తే దెబ్బ క్లియర్ కోట్‌లోనే ఆగిందని లెక్క. తడిలో కూడా అలాగే కనబడుతుంటే రంగు దాకా దిగింది. ఇక గోటిని గీతకి అడ్డంగా, నొక్కకుండా పోనివ్వండి. గోరు జారిపోతే పాలిష్‌తో పోతుంది. టక్కున ఆగితే పూర్తిగా పోదు, షెడ్డులో ఎవరెంత గట్టిగా హామీ ఇచ్చినా సరే.

గీత అడుగున ఏ రంగు ఉందో కూడా చూడండి. బూడిద రంగు కనబడితే అది ప్రైమర్. మెరిసే రేకు కనబడితే వానాకాలంలో తుప్పు మొదలవడానికి కొన్ని రోజులు చాలు. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి ఉప్పుగాలి ఊళ్లలో ఇంకా త్వరగా పడుతుంది. బంపర్ మీద నల్లగా కనబడితే అది ప్లాస్టిక్, దానికి తుప్పు లేదు కాబట్టి తొందరా లేదు. రేకో ప్లాస్టికో అనుమానంగా ఉంటే ఫ్రిజ్ మీద పెట్టే అయస్కాంతానికి పల్చటి గుడ్డ చుట్టి ఆనించి చూస్తే తెలిసిపోతుంది.

"ఎండలో చూస్తే సాలెగూడులా సన్నటి గీతలు"

ఇవి ఎవరో గీసినవి కావు. రోజూ తుడవడం వల్ల వచ్చినవి. అపార్ట్‌మెంట్ సెల్లార్లలో ఒకే బకెట్టు, ఒకే గుడ్డతో పొద్దున్నే వరసగా పది కార్లు తుడుస్తారు. మూడో కారుకి వచ్చేసరికే ఆ నీళ్లలో సన్నటి ఇసుక ఉంటుంది. పొడి దుమ్ము మీద బ్రష్షుతో దులపడం కూడా అంతే.

కారు కడిగి, నీడలో చల్లబడ్డాక, సన్నరకం పాలిష్‌ని స్పాంజి మీద బఠాణీ గింజంత తీసుకుని రెండడుగుల చదరం చొప్పున రుద్దండి. మైక్రోఫైబర్ గుడ్డతో తుడిచి, ఫోన్ టార్చి ఏటవాలుగా వేసి చూసుకోండి. గీత మసకబారితే చాలు, ఆపేయండి. నూటికి నూరు శాతం పోవాలన్న పట్టుదలతోనే క్లియర్ కోట్ అరిగిపోతుంది. డోరు అంచులు, బానెట్ మడతల దగ్గర పెయింట్ ఇంకా పల్చగా ఉంటుంది కాబట్టి అక్కడ మాస్కింగ్ టేపు వేయడం మంచిది.

సర్వీసుకి వెళ్లిన ప్రతిసారీ "ఫుల్ బాడీ రబ్బింగ్ పాలిష్ చేయించమంటారా సార్" అని అడుగుతారు. గీతలు లేనప్పుడు వద్దనండి. మెషీన్ పెట్టిన ప్రతిసారీ కొంత పొర పోతుంది. దానికి పెట్టే డబ్బుతో కారు తుడిచే అబ్బాయికి మీ కారు కోసమే నాలుగు మైక్రోఫైబర్ గుడ్డలు, విడిగా ఒక బకెట్టు కొనివ్వడం నా లెక్కలో మంచి బేరం.

టూత్‌పేస్ట్ సంగతి అందరూ అడుగుతారు. అందులో పళ్లు తోమడానికి సరిపడే గరుకు పొడి ఉంటుంది కాబట్టి బాగా పైపై గీత కొంచెం తగ్గుతుంది. కానీ పనితనం చోటుకో రకంగా ఉంటుంది. కొబ్బరినూనె అయితే గీతలో నిండి దాన్ని కనబడకుండా చేస్తుందంతే. రెండు కడుగుళ్లకి గీత మళ్లీ హాజరు, ఈలోపు ఆ జిడ్డుకి దుమ్ము అదనం.

"ఈ రంగు మన కారుది కాదే!"

సెల్లార్ స్తంభం మీది పసుపు నలుపు చారలో, పక్కన ఆపిన స్కూటర్ రంగో మన డోరు మీదికి ఎక్కుతుంది. చూడగానే గుండె జారుతుంది కానీ తక్కువ ఖర్చుతో పోయే సమస్య ఇదే. అక్కడ పోయింది మన రంగు కాదు, పైన అంటుకుంది అవతలి రంగు.

మెత్తటి గుడ్డ మీద ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వేసి ఆ మరక మీద అర నిమిషం ఆనించి, ఒకే దిశలో తుడవండి. మిగిలినదాన్ని కొంచెం, పాలిష్ కంటే గరుకుగా ఉండే రబ్బింగ్ కాంపౌండ్‌తో తీసేయొచ్చు. చివర్లో వ్యాక్స్. కింద నిజంగా గీతలేమైనా ఉంటే అప్పుడు బయటపడతాయి, వాటికి పైన చెప్పిన పరీక్షే. థిన్నర్ మాత్రం వాడొద్దు. కంపెనీ పెయింట్ దాన్ని కాసేపు తట్టుకున్నా, ఒకసారి షెడ్డులో పెయింట్ వేయించిన ప్యానెల్ అయితే మరకతో పాటు రంగు కూడా గుడ్డకి వచ్చేయొచ్చు.

"పూజ చేయించిన దగ్గర్నుంచి బానెట్ ఇలా అయింది"

దసరా వెళ్లిన వారం ఈ కేసులు ఎక్కువ. పసుపు మరకకి కంగారు పడక్కర్లేదు. పసుపు రంగు ఎండకి నిలవదు, కడిగి నాలుగు రోజులు ఎండలో పెడితే చాలావరకు తేలిపోతుంది. బజారు కుంకుమలో కృత్రిమ రంగులు కలుపుతారు. తెల్ల కారు మీద తడి కుంకుమ రాత్రంతా ఉంటే గులాబీ మచ్చ మిగులుతుంది, దానికి సన్నటి పాలిష్ కావాలి. అసలు గీతలు వచ్చేది దండ వల్ల. ఇనప తీగతో కట్టిన బంతిపూల దండ వేసుకుని ఇంటిదాకా నడిపితే, గాలికి ఊగిన ప్రతిసారీ ఆ తీగ కొస బానెట్ మీద గీస్తుంది. దారంతో కట్టిన దండ అడిగి తీసుకోండి, పూజ అవగానే తీసేయండి. కొబ్బరికాయని బంపర్‌కి నాలుగడుగుల దూరంలో కొట్టినా అమ్మవారేమీ అనుకోదు.

మచ్చలు: గీతల్లా కనబడతాయి కానీ గీతలు కావు

పక్షి రెట్టలో ఆమ్లం ఉంటుంది. మే నెల ఎండలో ఒక్క పూటలోనే క్లియర్ కోట్‌ని తినేస్తుంది. ఎండిపోయినదాన్ని గీకితే అందులోని గింజలు, ఇసుక గీతలు పెడతాయి. తడి గుడ్డ పది నిమిషాలు కప్పి ఉంచి, నానాక ఎత్తేయాలి. బోరు నీళ్ల తెల్ల చుక్కలకి వెనిగర్, నీళ్లు సమానంగా కలిపి ఒక నిమిషం పెట్టి బాగా కడిగేస్తే పోతాయి. పై అంతస్తు పనుల నుంచి పడిన సిమెంటు చుక్కలకీ అదే మందు, కాకపోతే ఓపిగ్గా పదేపదే పెట్టాలి. రోడ్డు తారుకి గుడ్డ మీద కాస్త కిరోసిన్, వెంటనే షాంపూ నీళ్లు.

"గోరు ఆగుతోంది, లోపల బూడిద రంగు కనబడుతోంది"

ఇక్కడ పాలిష్ పని చేయదు. లేని రంగుని పాలిష్ తీసుకురాలేదు. టచప్ పెయింట్ కావాలి. ముందు మీ కారు రంగు కోడ్ కనుక్కోండి. ఇంజిన్ గదిలోనో, డోరు తీస్తే స్తంభం మీదో ఉండే ప్లేటు మీద ఉంటుంది. ఉదాహరణకి మారుతి సిల్కీ సిల్వర్‌కి జడ్2ఎస్. షాపులో "సిల్వర్ ఇవ్వండి" అంటే ఏదో ఒక సిల్వర్ ఇస్తారు, వేశాక గీత కంటే ఆ మచ్చే దూరం నుంచి కనబడుతుంది.

పనికి పొడి రోజు చూసుకోండి. ముసురు పట్టినప్పుడు వేస్తే గాలిలో తేమకి పూత తెల్లగా మబ్బేస్తుంది. తుప్పు కనబడితే వాటర్ పేపర్ని (తడిపి వాడే గరుకు కాగితం) చిన్న ముక్కగా మడిచి అంతమేరకే గీకి, మిగిలిన తుప్పుని గట్టి పొరగా మార్చే రస్ట్ కన్వర్టర్, ఆపైన ప్రైమర్ పెట్టాలి. తుప్పు మీద నేరుగా రంగు పూస్తే ఆరు నెలల్లో పొక్కుతుంది. ఆల్కహాల్‌తో జిడ్డు తుడిచాక, సీసాతో వచ్చే బ్రష్షు పక్కన పెట్టేయండి, అది గోళ్ల రంగుకి సరిపోతుంది తప్ప గీతకి కాదు. అగ్గిపుల్ల కొస చెక్కిగానీ టూత్‌పిక్‌తోగానీ రంగు చుక్కని గీత లోపల మాత్రమే ఆనించండి. చుక్క దానంతటదే గీత వెంట పాకుతుంది. గీత దాటి పక్కకి పొర్లితే వెంటనే తుడిచి మళ్లీ మొదలుపెట్టడమే నయం. పల్చగా వేసి, అరగంట ఆరనిచ్చి, మళ్లీ వేయాలి. ఆరేకొద్దీ రంగు కుంగుతుంది కాబట్టి రెండు మూడు పూతలు పడతాయి. మెటాలిక్ రంగులకి ఆ మీద క్లియర్ చుక్క కూడా తప్పదు.

చాలామంది ఇక్కడే ఆపేస్తారు, ఆపేయొచ్చు కూడా. చేత్తో తడిమితే తగిలే ఆ గడ్డ పోవాలంటే కనీసం వారం ఆగి, 2000 నంబరు వాటర్ పేపర్ని సబ్బు నీళ్లలో నానబెట్టి, గడ్డ మీద మాత్రమే నాలుగైదు సార్లు ఆడించి, 3000తో నునుపు చేసి, కాంపౌండ్ పెట్టాలి. మాట్ ఫినిష్ కార్లకి ఇవేవీ చేయకూడదు. రుద్దిన మేర మెరుపు వచ్చేసి, ఆ మెరుపే మచ్చ అవుతుంది.

సొట్టలు

సొట్టకి రెండు ప్రశ్నలు: పెయింట్ పగిలిందా? మడత పడిందా? రెండూ లేకపోతే, అంటే గుండ్రంగా, లోతు లేకుండా ఉంటే, పెయింట్ ముట్టకుండా వెనక నుంచి కడ్డీలతో మెల్లగా నెట్టి తీసే పీడీఆర్ పనివాళ్లు ఉన్నారు. కోనసీమలో కొబ్బరికాయ పడిన టాపు, శ్రీశైలం కొండ మీద కోతులు దూకిన టాపు ఎక్కువగా ఇలా సరిచేయగలిగినవే. లప్పం పెట్టి రంగు వేయించే ముందు వాళ్లకి ఒకసారి చూపించండి. ఒకసారి లప్పం పడ్డాక ఇక ఆ దారి మూసుకుపోయినట్టే.

ప్లాస్టిక్ బంపర్ లోపలికి పోతే మరిగిన నీళ్లు ఒక చెంబుడు మెల్లగా పోసి, చేతికి గ్లౌజు వేసుకుని వెనక నుంచి నెట్టండి. చాలాసార్లు 'టప్' మని బయటికొస్తుంది. రేకు సొట్టకి ఇది పనికిరాదు. హెయిర్ డ్రయర్‌తో వేడి చేసి ఐసు పెట్టే వీడియోల సంగతీ అంతే. సక్షన్ కప్పు పెద్ద, లోతు లేని సొట్టని లాగగలదు, రూపాయి బిళ్లంత సొట్టకి దానికి పట్టు దొరకదు. ఇక సుత్తితో లోపల నుంచి కొట్టారంటే రేకు సాగిపోతుంది. సాగిన రేకు నొక్కితే లోపలికి, వదిలితే బయటికి డబడబలాడుతూ ఉంటుంది. అప్పుడు టింకరింగే గతి.

క్లెయిమ్ చేయాలా?

చిన్న దెబ్బకి ఇన్సూరెన్స్ వాడే ముందు కాగితం మీద లెక్క వేయండి. క్లెయిమ్ లేని ఏళ్లకి ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, అంటే నో క్లెయిమ్ బోనస్, 20, 25, 35, 45, 50 శాతంగా పెరుగుతుంది. ఓన్ డ్యామేజ్ ప్రీమియం, అంటే మన కారుకి తగిలే దెబ్బల కోసం కట్టే భాగం, 8,000 రూపాయలు అనుకుని, మీరు 50 శాతంలో ఉంటే, ఒక్క క్లెయిమ్‌తో మళ్లీ సున్నాకి వస్తారు. తిరిగి 50కి చేరేలోపు ఐదేళ్లలో పోయేది 4,000, 2,400, 2,000, 1,200, 400. మొత్తం పదివేలు. 1500 సీసీ లోపు కారైతే తప్పనిసరిగా చేతి నుంచి కట్టే 1,000 దీనికి అదనం. బోనస్ కాపాడే యాడ్ ఆన్ తీసుకున్నవాళ్లకి ఈ లెక్క వర్తించదు. మిగతావాళ్లు ఒక్క డోరు గీత కోసం క్లెయిమ్ చేయడం నష్టమే.

"టాపు మీద పెయింట్ పొట్టులా లేస్తోంది"

ఏళ్ల తరబడి ఎండలో నిలిపిన కార్లకి టాపు, బానెట్ మీద క్లియర్ కోట్ తెల్లగా పొట్టు రేగుతుంది. దీనికి ఇంట్లో మందు లేదు. పాలిష్ చేస్తే పొట్టు ఇంకా లేస్తుంది. ఆ ప్యానెల్ మొత్తం గీకించి కొత్తగా వేయించాల్సిందే. వేయించాక షెడ్డువాళ్లని ఎన్నాళ్లు ఆగాలో అడిగి, కనీసం ఒక నెల వ్యాక్స్ పెట్టకండి. కొత్త పెయింట్‌లోని ద్రావకాలు పూర్తిగా ఆవిరవ్వాలి, వ్యాక్స్ వాటిని లోపలే బంధిస్తుంది.