ఏఎంబీఈ-3000 చిప్‌కి ఫ్రేములు తప్పిపోకుండా అందించడం

గోదావరికి వరదొస్తే అందరికీ కావలసింది ధవళేశ్వరం నీటిమట్టం. 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. అమలాపురంలోనో రాజోలులోనో హామ్ (ఔత్సాహిక రేడియో) కేంద్రం పెట్టి ఈ అంకెలు డీఎంఆర్ అనే డిజిటల్ రేడియోలో చదివేటప్పుడు పదకొండుకీ పదమూడుకీ తేడా ఒక్క అక్షరమే. మాటని కుదించి ఫ్రేములనే చిన్న ముక్కలుగా మార్చేది ఏఎంబీఈ-3000 చిప్. ఒక్కో ఫ్రేము 20 మిల్లీసెకన్లు. వరసగా కొన్ని పోతే ఆ అక్షరం మింగేసినట్టే. గాల్లో పోయేవాటిని ఆపలేం గానీ, కంప్యూటరుకీ చిప్‌కీ మధ్య పోయేవి మన చేతిలోవే.

ముందు వేగం సంగతి. చిప్ తీసుకునేది 8 కిలోహెర్ట్జ్, 16 బిట్ల శబ్దం. ఫ్రేముకి 160 శాంపిళ్లు, అంటే 320 బైట్లు. ముందుండే 6 బైట్లతో కలిపి 326. సీరియల్లో బైటుకి 10 బిట్లు పడతాయి కనుక 115200 బాడ్‌లో (సెకనుకి అన్ని బిట్లు) అది దాటడానికే 28 మిల్లీసెకన్లు. 20లో అయ్యే పని కాదు. 460800లో 7 చాలు. అక్కడ జవాబు రాకపోతే 230400లో చూడండి. పాత డాంగిళ్లు (ఈ చిప్ ఉన్న యూఎస్‌బీ పరికరాలు) కొన్ని ఆ వేగానివే.

పోర్టు తెరవగానే రీసెట్: హెక్స్‌లో 61 00 01 00 33. జవాబుగా 61 00 01 00 39 వస్తే చిప్ సిద్ధం. ఆ జవాబు రెండు బైట్లు పొడుగ్గా వస్తే ప్యాకెట్ పారిటీ (తప్పులు పట్టే అదనపు బైట్లు) పెట్టి ఉందన్నమాట, మీరూ పంపాలి. తర్వాత రేటు: 61 00 02 00 09 21. ఆ చివరి 21 దశాంశంలో 33, డీఎంఆర్ రేటు: మాటకి సెకనుకి 2450 బిట్లు, దోష సవరణకి 1150. ఇది మరిచినా చిప్ హాయిగా పనిచేస్తుంది, అవతల మాత్రం బుడబుడలే. సముద్రపు గాలికి యూఎస్‌బీ కాంటాక్టులు చిలుము పట్టి డాంగిల్ ఊడి తగిలిందనుకోండి, రీసెట్, రేటు రెండూ మళ్లీ పంపాల్సిందే.

మాట ప్యాకెట్ 61 01 42 02తో మొదలై, 00, ఆపైన శాంపిళ్ల సంఖ్య 160 (హెక్స్‌లో A0). పొడవు 01 42 అంటే 322. మొదటి నాలుగు బైట్లు అందులో లెక్కకి రావు. శాంపిల్లో పెద్ద బైటు ముందుండాలి. తిరగేస్తే హోరు తప్ప మాట ఉండదు.

తిరిగొచ్చేది 15 బైట్లే, అందులో అసలు సరుకు 9 బైట్లు, 72 బిట్లు. చిక్కు ఇక్కడే. యూఎస్‌బీని సీరియల్‌గా మార్చే ఎఫ్‌టీడీఐ చిప్ ఉన్న డాంగిల్లో ఇంత చిన్న ప్యాకెట్ కోసం యూఎస్‌బీ వైపు 16 మిల్లీసెకన్లు ఆగుతుంది. లినక్స్‌లో ఆ పోర్టు లేటెన్సీ టైమర్‌ని (ఆ ఆగే సమయాన్ని) 1కి దించండి. మాట ముక్కలవడం చాలాసార్లు దీనితోనే పోతుంది.

డీకోడ్‌లో, అంటే వచ్చిన ఫ్రేముల్ని మళ్లీ మాటగా మార్చేటప్పుడు, ఇంకోటి. డీఎంఆర్ ఒక్కో బర్స్టులో (ఒక్కసారి పంపే విడతలో) మూడు ఫ్రేములు, 60 మిల్లీసెకన్లకోసారి వస్తాయి. మూడూ ఒకేసారి కుమ్మరించొద్దు. వరసలో పెట్టి 20 మిల్లీసెకన్లకి ఒకటి చొప్పున ఇవ్వండి. ఇంటర్నెట్ లింకైతే రెండు బర్స్టులు నిల్వ ఉంచుకుని మొదలెట్టడం మేలు.

చిప్ పంపింది చదివేటప్పుడు 61 కనబడగానే కొత్త ప్యాకెట్ అనుకోకూడదు, డేటాలోనూ 61 ఉంటుంది. నాలుగు బైట్లు చదివి, పొడవు చూసి, అన్నే చదవాలి. వరస తప్పి చిప్ మొండికేస్తే 350 సున్నా బైట్లు పంపి, రీసెట్ నుంచి మళ్లీ మొదలెట్టండి.