స్లాలమ్ స్కీ ఎక్కేముందు చూసుకోవాల్సినవి

స్లాలమ్ స్కీ అంటే పడవ లాగుతుంటే నీళ్ల మీద జారే ఒకే పలక, రెండు పాదాలూ దాని మీదే ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. తిరుపతి నుంచి ఈ వాటర్ స్కీయింగ్ నేర్చుకోవడానికి బయల్దేరేవాళ్లకు నేను మొదట చెప్పేది స్కీకి బిగించి ఉండే బూటు గురించే.

– ముందు పాదం ఏదో తేల్చుకోండి. రెండు స్కీల మీద వెళ్తూ ఒక్కో కాలు కాస్త ఎత్తి చూడండి. ఏ కాలి మీద నిలకడగా ఉంటే అదే ముందు పాదం.

– బూటు తడిపి తొడగండి. మోకాలు వంచినప్పుడు మడమ లేస్తే వదులు, వేళ్లు తిమ్మిరెక్కితే బిగువు. అలిపిరి 3,550 మెట్లు ఎక్కొచ్చిన రోజు మాత్రం కొలత చూడొద్దు. పాదాలు ఉబ్బి ఉంటాయి, అప్పుడు సరిపోయిన బూటు వారానికి వదులైపోతుంది.

– రెండు బూట్ల స్కీ అయితే, పడ్డప్పుడు రెండు పాదాలూ కలిసే ఊడాలి. ఒకటి ఇరుక్కుంటే చీలమండ మెలి తిరుగుతుంది. అందుకే కొత్తవాళ్లకు ముందు బూటు, వెనక పట్టీ ఉన్నదే మేలంటాను.

– బూటును స్కీకి పట్టి ఉంచే స్క్రూలు ప్రతిసారీ బిగించండి.

– మోకాళ్లు వంచి, పడవ తాడు హ్యాండిల్ నడుముకు దగ్గరగా పట్టుకోండి. చూపు స్కీ మీద కాదు, దూరంగా ఉండాలి. 6 బోయ్‌ల (నీళ్లలో తేలే బంతుల) చుట్టూ తిరిగే కోర్సుకు తొందరొద్దు. ముందు ఖాళీ నీళ్లలో, తక్కువ వేగంతో అటూ ఇటూ తిరగడం రానివ్వండి.

– లైఫ్ జాకెట్, పడవలో మిమ్మల్నే చూస్తుండే మనిషి తప్పనిసరి.

– కల్యాణి డ్యామ్‌లో వద్దు, అవి మన తాగే నీళ్లు.