ఇన్వర్టర్‌కి బ్యాటరీ తగిలిస్తే వచ్చే మెరుపు ఇలా పోయింది

రెండు 12 వోల్టుల బ్యాటరీలను సిరీస్‌లో కలిపి 24 వోల్టుల ఇన్వర్టర్‌కి ఇచ్చాను. చివరి వైరు తాకించగానే ప్రతిసారీ టప్పుమని మెరుపు, లగ్గు (వైరు చివరి లోహపు కొస) మీద నల్లమచ్చ. మల్టీమీటర్‌తో చూస్తే ప్లస్, మైనస్ సరిగ్గానే ఉన్నాయి. షార్టూ లేదు.

కారణం ఇన్వర్టర్ లోపల ఛార్జ్ నిల్వ చేసుకునే కెపాసిటర్లు. ఖాళీగా ఉన్నప్పుడు అవి ఒక్క క్షణం విపరీతంగా కరెంటు లాగేస్తాయి. అందుకని ఇన్వర్టర్ స్విచ్ ఆపి, మైనస్ ముందే బిగించి, ప్లస్ వైరులోని డీసీ బ్రేకర్ (కరెంటు తెంచే స్విచ్) ఆపి ఉంచి, బ్యాటరీ ప్లస్‌కీ ఇన్వర్టర్ ప్లస్‌కీ మధ్య 25 ఓమ్‌ల, 25 వాట్ల రెసిస్టర్‌ని కొన్ని సెకన్లు క్లిప్పులతో పెట్టాను (వేడెక్కుతుంది, చేత్తో పట్టుకోవద్దు). కరెంటు 1 ఆంపియర్ దగ్గరే ఆగుతుంది. ఇన్వర్టర్ టెర్మినళ్ల దగ్గర వోల్టేజీ బ్యాటరీతో దాదాపు సమానమయ్యాక బ్రేకర్ వేశాను. చప్పుడే లేదు! వోల్టేజీ పెరగకపోతే మాత్రం బ్రేకర్ జోలికి పోకూడదు, లోపల ఏదో తేడా ఉన్నట్టే.

పనిలో పనిగా బ్యాటరీ ప్లస్ పక్కనే డీసీ ఫ్యూజు పెట్టాను. నా ఇన్వర్టర్ 2000 వాట్లది, అంటే 24 వోల్టుల దగ్గర 83 ఆంపియర్లు, నష్టాలు కలిపితే 90 పైమాటే. అందుకే 125 ఆంపియర్ల ఫ్యూజు, అంత మోయగల మందపాటి రాగి కేబుల్. ఏసీకి మాత్రమే చేసిన ఎంసీబీ (ఇళ్లలో వాడే చిన్న బ్రేకర్) ఇక్కడ పనికిరాదు. ఏసీలో కరెంటు మాటిమాటికీ సున్నాకి వస్తుంది, డీసీలో అలా రాదు కాబట్టి తెంచేటప్పుడు పుట్టే ఆర్క్ (మెరుపు మంట) త్వరగా ఆరదు.