ధరల గురించి, ప్రభుత్వం గురించి జనాన్ని అడగడం ఎలా

గుంటూరు, పల్నాడు, ప్రకాశం జిల్లాల్లో ఇంటింటికీ తిరిగి సర్వే ఫారాలు నింపే పని చాలా ఏళ్లుగా చేస్తున్నాను. ఇప్పుడు కాలేజీ పిల్లలు, యూట్యూబ్ చానళ్ల వాళ్లు, కాలనీ సంఘాల వాళ్లు కూడా సొంతంగా ప్రజాభిప్రాయం సేకరిస్తున్నారు. చాలా మంచి పని. కాకపోతే ధరలు, చేతిలో డబ్బు, ప్రభుత్వం మీద నమ్మకం అనేవి మనిషి పైకి ఒకటి చెప్పి లోపల ఇంకొకటి దాచుకునే విషయాలు. వాటిని ఎలా అడగాలో నాకు తెలిసినంతవరకు రాస్తున్నాను.

ముందు ఎవరిని అడగాలో తేల్చుకోండి. బస్టాండు దగ్గర నిలబడి ఎదురొచ్చినవాళ్లను అడిగితే అది ఆ బస్టాండు అభిప్రాయమే, ఊరిది కాదు. ఓటర్ల జాబితా తీసుకోండి. వార్డులో 1,200 మంది ఓటర్లుండి మీకు 40 మంది కావాలంటే ప్రతి ముప్పయ్యో పేరు మీది. మొదటి పేరు మాత్రం 1 నుంచి 30 లోపు చీటీ తీసి నిర్ణయించండి. ఎన్నికల సర్వేలు చేసే లోక్‌నీతి-సీఎస్‌డీఎస్ లాంటి సంస్థలు కూడా ఓటర్ల జాబితా నుంచే మనుషులను ఎంచుకుంటాయి. ఆ మనిషి ఇంట్లో లేకపోతే పక్కింటి తలుపు తట్టకండి, మళ్లీ వెళ్లండి. మిరప కోతల రోజుల్లో మా వైపు కూలికెళ్లే ఆడవాళ్లు తెల్లారేసరికి ఆటో ఎక్కేస్తారు. పదకొండింటికి వెళ్తే పెద్దవాళ్లు, కొట్లలో కూర్చునేవాళ్లు మాత్రమే దొరుకుతారు. కూలి గిట్టుబాటవుతోందో లేదో వాళ్లేం చెప్తారు? సాయంత్రం ఆరు దాటాక, ఇద్దరిద్దరుగా వెళ్లండి.

ఇక గుమ్మం దగ్గర. చేతిలో ట్యాబ్ కనిపించిందంటే జనం మనల్ని ప్రభుత్వం మనుషులనే అనుకుంటారు. అందులో వింతేం లేదు. 2014 ఆగస్టు 19న తెలంగాణలో ఒక్క రోజులో సమగ్ర కుటుంబ సర్వే చేసినప్పుడు, లెక్కలో లేకపోతే పథకాలు పోతాయని ఎక్కడెక్కడి వాళ్లో సొంతూళ్లకు పరుగెత్తారు. ఆంధ్రాలో ఏళ్ల తరబడి యాభై ఇళ్లకో వాలంటీర్ వచ్చి వివరాలు రాసుకున్నాడు. అందుకే "పింఛను తీసేస్తారా అమ్మా?" అనే మాట ముందు వస్తుంది. ఆ భయం పోకుండా మొదలుపెడితే ఆదాయం తగ్గించి, ప్రభుత్వాన్ని పొగిడి పంపిస్తారు. ఎవరి తరఫున వచ్చారో చెప్పండి. ఆధార్, ఫోన్ నంబరు అడగకండి. ఆదాయం ప్రశ్న చివరికి పెట్టండి. ఊరి నాయకుణ్ణి, సచివాలయం వాళ్లను వెంటబెట్టుకుని మాత్రం అసలు వెళ్లొద్దు.

ఇంకో చిక్కు. జాబితాలో పేరు ఇల్లాలిది ఉంటుంది, జవాబులు భర్త చెప్తుంటాడు. గట్టిగా మాట్లాడక్కర్లేదు. "మీరు చెప్పింది విన్నాను బాబాయ్, ఫారంలో పిన్ని పేరుంది, ఆమెనే అడగాలంట" అంటే చాలు. నా అనుభవంలో సరుకుల ధర విషయంలో ఇద్దరి జవాబులూ చాలాసార్లు కలవవు. ఆమె చెప్పేదే లెక్క.

అసలు ప్రశ్నలకు వద్దాం. "ధరలు పెరిగాయా?" అని అడగకండి. అందరూ అవుననే అంటారు, దాంతో మీకు ఒక్క కొత్త విషయం తెలియదు. కొన్న వస్తువు గురించి అడగండి. బియ్యం బస్తా చివరిసారి ఎప్పుడు కొన్నారు, ఎంతకు కొన్నారు, ఎన్ని కిలోలు? కిలోలు ఎందుకంటే, 2022 జూలైలో 25 కిలోల లోపు ప్యాకింగ్ బియ్యానికి జీఎస్టీ వచ్చాక చాలా మిల్లులు 26 కిలోల బస్తాలు తెచ్చాయి. పాత బస్తా ధరతో నేరుగా పోలిస్తే లెక్క తప్పుతుంది. నూనె ప్యాకెట్ అయితే మీద ఎన్ని గ్రాములుందో చూపించమనండి. తర్వాత ఈ ప్రశ్న: "ఈ నెల ఏం కొనడం మానేశారు, లేదా తగ్గించారు?" నా దృష్టిలో ఫారం మొత్తంలో విలువైన ప్రశ్న ఇదే. పండ్లు మానేశాం, చిన్నదాని ట్యూషన్ మాన్పించాం, కొట్టులో ఖాతా పెట్టాం, డ్వాక్రా అప్పు తెచ్చి ఫీజు కట్టాం, ఇలాంటి జవాబులొస్తాయి. వాటిని వాళ్ల మాటల్లోనే రాయండి.

ద్రవ్యోల్బణం తగ్గిందని పేపర్లో వస్తే, ధర తగ్గలేదని జనం అంటారు. ఇద్దరూ నిజమే చెప్తున్నారు. 2023 జూలైలో మదనపల్లె టమాటా కిలో 200 రూపాయల దరిదాపులకు పోయింది, ఆ నెల దేశంలో చిల్లర ద్రవ్యోల్బణం 7.44 శాతం. 2025 అక్టోబరుకు అది 0.25 శాతానికి దిగింది. అంటే ఏడాది కిందటితో పోలిస్తే ధరలు మొత్తం మీద దాదాపు పెరగలేదని. అంతకుముందు ఎక్కిన ధర దిగిందని కాదు. కాబట్టి "ఏడాది కిందటితో పోలిస్తే" అన్న మాట ప్రశ్నలో ఉండి తీరాలి. లేకపోతే ఒకరు కరోనా ముందు రోజులతో, ఇంకొకరు పోయిన సంక్రాంతితో పోల్చి చెప్తారు.

ప్రశ్నల వరసలోనూ జాగ్రత్త కావాలి. గ్యాస్ బండ ధర అడిగిన వెంటనే "ప్రభుత్వ పనితీరు ఎలా ఉంది?" అంటే మార్కులు పడిపోతాయి. పింఛను గురించి అడిగి అదే ప్రశ్న వేస్తే పెరుగుతాయి. పనితీరు ప్రశ్న ముందే అడిగేయండి.

నమ్మకం గురించి అడిగేటప్పుడు ఏ ప్రభుత్వమో విడదీయండి: ఢిల్లీ, రాష్ట్రం, ఊళ్లో ఆఫీసు. 2024 జూలై నుంచి నాలుగు వేలైన పింఛను ఒకటో తేదీన వస్తుందని ఒక అవ్వకు పూర్తి నమ్మకం ఉంటుంది. పొలం పాస్‌బుక్‌లో తప్పు సరిచేయించడానికి తిరుగుతున్న ఆమె కొడుక్కి అదే ప్రభుత్వం మీద పైసా నమ్మకం ఉండదు. ఇక్కడ పదికి ఎన్ని మార్కులేస్తారని అడిగి లాభం లేదు. గత ఏడాదిలో ఏ పని మీద వెళ్లారు, ఎన్నిసార్లు తిప్పారు, డబ్బులడిగారా, పని అయిందా అని అడిగి, ఆఖర్న ఇది అడగండి: "మళ్లీ పని పడితే నేరుగా వెళ్తారా, తెలిసినవాళ్లను పట్టుకుంటారా?" నమ్మకం ఎంతుందో ఆ జవాబులో బయటపడుతుంది. "ఎవరొచ్చినా ఒకటేనమ్మా" అంటే దాన్ని "అభిప్రాయం లేదు" గడిలో వేయకండి. అది చాలా బలమైన అభిప్రాయం.

ధరల మీద కోపాన్ని ఓటుగా మార్చి లెక్కలు కట్టడం ఇంకో తొందరపాటు. 2024 లోక్‌సభ ఎన్నికల ముందు లోక్‌నీతి సర్వేలో 27 శాతం నిరుద్యోగాన్ని, 23 శాతం ధరలను ముఖ్య సమస్య అన్నారు. అయినా కేంద్రంలో అధికార కూటమి ఎన్డీయేనే 293 సీట్లతో తిరిగి వచ్చింది. అలాగని ఆ కూటమికి 350 దాటుతాయన్న ఎగ్జిట్ పోల్సూ నిలబడలేదు.

ఫలితాలు వేసేటప్పుడు సంఖ్య పక్కనే దాని పరిమితి కూడా రాయండి. సరిగ్గా ఎంచిన వెయ్యి మందిని అడిగితే సుమారు 3 శాతం అటూ ఇటూ తేడా ఉంటుంది, వంద మందైతే 10 శాతం దాకా. వంద మందితో 52, 48 అని హెడ్డింగ్ పెట్టడం అన్యాయం. పెద్ద సంస్థల సర్వేలకూ హద్దులున్నాయి. రిజర్వ్ బ్యాంకు వినియోగదారుల విశ్వాస సర్వే ఏళ్ల తరబడి 19 నగరాల్లో జరిగింది. అందులో హైదరాబాద్ ఉంది, విజయవాడ, విశాఖ లేవు. అలాంటి చోట మీ వార్డు లెక్కకు విలువుంది. అడిగిన ప్రశ్నలు యథాతథంగా, ఏ నెలలో అడిగారో, ఎంతమంది దొరకలేదో, ఎంతమంది "మేం చెప్పం" అని తలుపేశారో ఫలితాల కిందనే ఇవ్వండి.